గుడారానికి తావు: అమెరికా స్టేట్ పార్కులలో రిజర్వేషన్

పార్కు అనగానే మనకు స్ఫురించేవి పురపాలక సంఘంవారు పెంచే పూలమొక్కలు, సిమెంటు బల్లలు, సాయంత్రపు జనసందోహం. అమెరికాలో స్టేట్ పార్కు అనే మాటకు అర్థం వేరు. ఒక్కొక్క రాష్ట్ర ప్రభుత్వం ప్రజలందరి పేరిట కాపాడే అడవి, కొండ, సరస్సు, సముద్రతీరం ఈ పేరుతో వ్యవహరింపబడతాయి. కేంద్ర ప్రభుత్వ పాలనలోని నేషనల్ పార్కులు వీటికి భిన్నమైనవి. కాలిఫోర్నియాలో మిక్కిలి పాతదైన బిగ్ బేసిన్ పార్కు, వేయి ఏండ్లకు పైబడిన రెడ్‌వుడ్ వృక్షాలను గొడ్డలి వేటు నుండి రక్షించే నిమిత్తం 1902లో ఏర్పడింది. నేడు ఆ రాష్ట్రంలో ఇటువంటి ప్రదేశాలు రమారమి 280 ఉన్నాయి.

వీటిలో రాత్రి బస చేయదలచినవారికి కేటాయించే చోటును క్యాంప్‌సైట్ అంటారు. అది గది కాదు. చదును చేసిన కొంత నేల, ఒక బల్ల, నిప్పు రాజేసుకొనేందుకు ఇనుప వలయం, కారు నిలుపుకొనే జాగా, అంతే. గుడారం ఎవరిది వారే తెచ్చుకోవాలి. స్నానపు గదులు ఉమ్మడివి. ఎలుగుబంట్లు తిరిగే చోట్ల తినుబండారాలను ఇనుప పెట్టెలో పెట్టి గడియ వేయాలి. ఈ పాటి వసతికి అంత పోటీ ఎందుకని మనకు ఆశ్చర్యం కలుగవచ్చు. నాలుగు కోట్లకు చేరువైన జనాభాగల కాలిఫోర్నియాలో స్టేట్ పార్కుల క్యాంప్‌సైట్లు సుమారు 15,000 మాత్రమే. పైగా అందరికీ కావలసినవి వేసవి నెలల శని, ఆదివారాలే.

అందువలన కాలిఫోర్నియాలో ఆరు నెలల ముందు నుండే రిజర్వేషన్ ఆరంభమవుతుంది. జూలై 15 రాత్రికి చోటు కావలెనన్న వారు జనవరి 15 ఉదయం 8 గంటలకు కంప్యూటరు ముందు సిద్ధంగా ఉండాలి. అప్పటికి మన దేశంలో రాత్రి తొమ్మిదిన్నర. సముద్రపు అంచున ఉన్న స్టీప్ రవీన్‌లో చెక్క కుటీరాలు పదికి మించవు. అటువంటివి చూస్తూ ఉండగానే అయిపోతాయి.

ముందు వచ్చినవానికే తావు అన్నది ముసాఫిర్‌ఖానాల నాటి నుండి మనం ఎరిగిన ధర్మం. అయితే ముసాఫిర్‌ఖానాలో ముందు రావడమంటే ప్రయాణపు బడలికతో గుమ్మం ఎక్కడం. ఇక్కడ ముందు రావడమంటే గడియారాన్ని కనిపెట్టుకొని ఉండడం. ఆరు నెలల తరువాత తనకు సెలవు దొరుకుతుందో లేదో ఉద్యోగస్థునికి తెలిసినట్లు దినకూలీకి తెలియదు. అద్దె హోటలు గది అద్దె కంటే ఎంతో తక్కువే అయినా, ఆ తక్కువ అద్దె అవసరమైనవానికే చోటు చిక్కడం కష్టం. నా దృష్టిలో ఈ పద్ధతిలోని పెద్ద లోపం ఇదే.

దీనికి తోడు మరొక అన్యాయం ఉంది. పుస్తకంలో నిండినట్లు కనబడే చోట్లు కొన్ని ఆ రాత్రి ఖాళీగా పడి ఉంటాయి. ఎందుకైనా మంచిదని ముందుగా పట్టిపెట్టుకొన్నవారు చివరకు రారు, రద్దూ చేయరు. 2023లో కాలిఫోర్నియా శాసనసభ దీనికొక చట్టం చేసింది. ఆలస్యంగా రద్దు చేసుకొనేవారు చెల్లించిన సొమ్మును ఎక్కువగా కోల్పోతారు. రద్దీ కాలంలో వరుసగా ఏడు రాత్రులకు మించి ఒకరు పట్టిపెట్టుకోరాదు. మిక్కిలి గిరాకీగల కొద్ది పార్కులలో చీట్లు వేసి కేటాయించే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. గడియారం కంటే చీటీయే న్యాయమని నాకు తోస్తుంది, ఎందుకంటే దానికి తీరిక ఉన్నవాడు, లేనివాడు అన్న భేదం తెలియదు.

గడువు అన్ని రాష్ట్రాలలో ఒకటి కాదు. టెక్సాస్‌లో అయిదు నెలలు, న్యూయార్క్‌లో తొమ్మిది. ఫ్లోరిడాలో 2024 నుండి ఆ రాష్ట్రవాసులకు పదకొండు నెలలు, ఇతరులకు పది. పన్ను కట్టేవారికి ఒక నెల ముందు తలుపు తీయడమన్నమాట.

పై చదువులకు వెళ్లే మన విద్యార్థులు, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎరిగి ఉండదగిన సంగతులు రెండు. రద్దయిన చోట్లు తిరిగి జాబితాలోకి వస్తాయి గనుక, మొదటి రోజు దొరకలేదని ఆశ వదులుకోనక్కరలేదు. ఆదివారం మొదలు గురువారం వరకు పోటీ చాలా తక్కువ.

ఇక రిజర్వేషన్ ఊసే లేని మార్గం కూడా ఒకటి మిగిలి ఉంది. కాలిఫోర్నియాలోని కొన్ని పార్కులలో కాలినడకన గాని, సైకిలుపై గాని వచ్చే బాటసారులకు విడిగా కొంత చోటు ఉంచుతారు. తలకు కొద్ది డాలర్లు చెల్లించి, ఒకటి రెండు రాత్రులు ఉండి, ముందుకు సాగిపోవచ్చు. కారులో వచ్చినవారికి మాత్రం ఆ చోటు ఇవ్వరు.