లావాదేవీల లాగ్ ఫైలు పెరుగుదల: కారణాలు, నివారణ

డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ ముందుగా లాగ్ ఫైలులో నమోదై, ఆ తరువాతే డేటా ఫైలుకు చేరుతుంది. సర్వర్ అకస్మాత్తుగా ఆగిపోయినప్పుడు పూర్తయిన లావాదేవీలను నిలపడానికీ, అసంపూర్ణమైన వాటిని రద్దు చేయడానికీ ఈ నమోదే ఆధారం. అందువల్ల డిస్కు నిండిందని లాగ్ ఫైలును తొలగించడం ప్రమాదకరం.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ‘ఫుల్’ రికవరీ విధానం అమలులో ఉన్నప్పుడు, లాగ్ బ్యాకప్ తీసుకునేంతవరకు పాత నమోదుల స్థలం పునర్వినియోగానికి రాదు. డేటాబేస్ మొత్తానికి రోజూ బ్యాకప్ తీసుకున్నా ఈ స్థలం విడుదల కాదు. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్లనే లాగ్ తరచుగా అపరిమితంగా పెరుగుతుంది. ముగియని సుదీర్ఘ లావాదేవీ, వెనుకబడిన రెప్లికేషన్ కూడా కారణాలు కావచ్చు. ‘సిస్ డాట్ డేటాబేసెస్’ వ్యూలోని ‘లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్’ నిలువు వరుస అసలు అడ్డంకిని తెలుపుతుంది.

లాగ్ బ్యాకప్ లోపలి స్థలాన్ని మాత్రమే ఖాళీ చేస్తుంది. ఫైలు పరిమాణం తగ్గదు. పరిమాణాన్ని తగ్గించేది ‘డీబీసీసీ ష్రింక్‌ఫైల్’ ఆదేశం. కారణాన్ని తొలగించకుండా దీనిని పదే పదే వాడితే ఫైలు మళ్లీ పెరుగుతుంది.

కొందరు తక్షణ ఉపశమనానికి ‘సింపుల్’ విధానానికి మారుస్తారు. దానితో లాగ్ బ్యాకప్‌ల గొలుసు తెగిపోతుంది. తిరిగి ‘ఫుల్’ విధానానికి వచ్చి కొత్త బ్యాకప్ తీసుకోకపోతే, ఉదయం 10 గంటలకు పొరపాటున చెరిగిన మార్కుల పట్టికను 9.59 నాటి స్థితికి తేవడం సాధ్యం కాదు.

కాబట్టి క్రమబద్ధమైన లాగ్ బ్యాకప్, కారణ నిర్ధారణ, అవసరమైతే ఒక్కసారి కుదింపు అనే వరుసే శాస్త్రీయం.