అచ్చునకు పటములను సిద్ధపరచుట

కొన్ని యేండ్ల క్రిందట నొక సంచికకు నేనిచ్చిన తరగతి పటము మసకగా నచ్చుపడెను. ఒక తల్లి తన కుమారుని ముఖ మేదియని నన్నడిగెను, నేను చూపలేకపోతిని. తప్పు ముద్రాపకునిది కాదు, నాది. చిన్న పటమును పుట నిండునట్లు పెంచి యిచ్చితిని.

నల్లసిరా పూయు యంత్రము బూడిదరంగును పూయజాలదు. సన్నని చుక్కలను చిన్నవిగను పెద్దవిగను పరచి మన కంటికి ఛాయలను భ్రమింపజేయును. ఆ చుక్కలకు తగిన వివరము మూలపటముననే యుండవలెను. నునుపు కాగితముపై నంగుళమునకు సుమారు 300 పిక్సెళ్లు కావలెను. కావున 1200 పిక్సెళ్ల వెడల్పుగల పటము 4 అంగుళములకే చాలును. దానిని 8 అంగుళములకు సాగదీసినచో నంగుళమునకు 150 మాత్రమే దక్కును. క్రొత్త వివర మెక్కడనుండియు రాదు.

ఫోను సందేశములలో చేతులు మారిన పటము తరచు వివరమును గోల్పోవును. కెమెరాలోని మూలప్రతినే యిండు. తెర వెలుగుతో చూపు రంగులు సిరాలో నంతగా మెరయవు. నీడలు మరింత ముదురును. కావున ముఖములపై వెలుతురు పడునట్లు తీయుడు.

పటము చిన్నదైనను స్పష్టముగా నుండుట మేలు. ఏండ్లు గడచిన పిమ్మట నీ పుటలు తిరుగవేయువారు ముందుగా వెదకునది తమ ముఖమునే గదా!