ఆరు వరసల మానేరు, మూడు లక్షల కరీంనగర్

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నేల 2016 అక్టోబర్ 11 తర్వాత ప్రధానంగా ఎనిమిది జిల్లాలైంది. జిల్లా కేంద్రాల పేర్లు వరసగా రాసి చూడండి: కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్. వీటిని ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ పజిల్‌లో పెట్టాలంటే మొత్తం 67 గడులు కావాలి. తెలుగులో 34 చాలు. చివరి పొల్లుకు కూడా విడిగా ఒక గడి ఇచ్చి వేసిన లెక్క ఇది. తెలుగు గడిలో కూర్చునేది గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలుపుకున్న నిండు అక్షరం. అందుకే ‘మంచిర్యాల’ నాలుగు గడుల్లో ఇమిడిపోతుంది. ఇంగ్లీషులో అదే పేరు పది గడులు తీసుకుంటుంది.

గడులు సగానికి తగ్గడంతో ఆట తీరే మారిపోతుంది. మెలిక ఆధారాలు (క్రిప్టిక్ క్లూలు) విప్పాలనుకునేవాళ్ళు ముందు ఈ లెక్క పట్టుకోవాలి.

ఇంగ్లీషు గడిలోకి రాగలిగినవి 26 అక్షరాలు. తెలుగులో ఙ, ఞ, ఱ పక్కన పెట్టి, క్ష కూడా వదిలేస్తే 32 హల్లులు మిగులుతాయి. ఒక్కొక్కదానికి 12 గుణింతాలు వేస్తే 384. విడి అచ్చులు 12 కలిపితే 396. ప్రతిదానికీ సున్నా పెట్టవచ్చు కాబట్టి రెట్టింపు చేస్తే 792. ఒత్తులు కూడా కలిపితే లెక్క వేలలోకి పోతుంది. వీటిలో మాటల్లో నిజంగా వాడేవి తక్కువే అనుకున్నా, తెలుగులో దొరికిన ఒక్క అక్షరం ఇంగ్లీషులో దొరికిన అక్షరం కంటే ఎంతో ఎక్కువ చెబుతుంది. జిల్లా పేరులో మూడో గడి ‘త్యా’ అని తెలిస్తే జగిత్యాల తప్ప మరొకటి లేదు. కాకపోతే ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దగ్గర జాగ్రత్త. ఐదు గడుల్లో మూడు ఒకటే: ఒకటి, నాలుగు, ఐదు. ఆ మూడూ నిండినా ఊరు తేలదు. రెండో గడో మూడో గడో తెలియాలి.

అక్షరం ఇంత నిండుగా ఉండటమే పజిల్ కూర్చేవాళ్ళకు కష్టం. మంచిర్యాలలోని ‘ర్యా’ మీదుగా నిలువుగా ఒక మాట దించాలంటే ‘మర్యాద’, ‘కార్యాలయం’ లాంటివి వెతుక్కోవాలి. పెద్దపల్లిలోని ‘ద్ద’కు ‘ముద్ద’ సరిపోతుంది కానీ ‘అద్దం’ పనికిరాదు, సున్నా అడ్డొస్తుంది.

ఇక తారుమారు సంగతి. అక్షరాలను కలగాపులగం చేసి మాటను దాచడం ఇంగ్లీషు పజిళ్ళలో పెద్ద ఆయుధం. కరీంనగర్‌ను ఇంగ్లీషులో రాస్తే పది అక్షరాలు, అందులో ‘ఎ’ మూడుసార్లు, ‘ఆర్’ రెండుసార్లు. వాటిని 3,02,400 రకాలుగా పేర్చవచ్చు. తెలుగు కరీంనగర్‌కు ఐదు అక్షరాలే కాబట్టి 120 వరసలు. నాలుగు అక్షరాల మాటకు 24. మూడక్షరాలకు 6. ఈ ఆధారం చూడండి, చివర బ్రాకెట్లో ఉన్నది జవాబుకు పట్టే గడుల సంఖ్య:

కల్లోలంతో మారునే కరీంనగర్ చెంతనున్న ఏరు (3)

‘కల్లోలంతో’ అన్నది తారుమారుకు గుర్తు. ‘మారునే’ ముడిసరుకు. మిగిలింది అర్థం. ఉన్నవి ఆరు వరసలు, ఒకటి ఆధారంలోనే ఉంది, మిగతా ఐదింటిలో ఒకటి మానేరు. పదో తరగతి పిల్లలు కూడా అర నిమిషంలో పట్టేస్తారు. అందుకే తెలుగు మెలిక తారుమారు మీద నిలబడలేదు. మాటను విరవడం, శ్లేష, పర్యాయపదాలు, దాచడం, వీటి మీద నిలబడింది. ఇది మన భాషకు లోటు కాదు, అదృష్టం అంటాను. అక్షరాలు జల్లెడ పట్టే పని తగ్గి, మాట లోపలికి చూసే పని పెరుగుతుంది.

గడులు నింపే ఈ ఆటను ఆర్థర్ విన్ 1913 డిసెంబర్ 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో మొదలుపెట్టాడు. మెలిక ఆధారాలు ఇంగ్లండ్‌లో పెరిగాయి. ‘జిమెనీస్’ పేరుతో పజిళ్ళు కూర్చిన డెరిక్ మక్‌నట్ 1966లో పుస్తకం రాసి న్యాయమైన ఆధారానికి కొలతలు పెట్టాడు. తెలుగులో ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’, స్వాతి మాసపత్రికలో శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ ఈ ఆటకు సాహిత్య గౌరవం తెచ్చాయి.

న్యాయమైన ఆధారంలో రెండు భాగాలు ఉంటాయి: ఒకటి మాట అర్థం, రెండోది మాటను చేరే దారి. ఇవి కాక ఒక్క మాట కూడా మిగలకూడదు. జవాబు దొరికాక ప్రతి మాటకూ లెక్క చెప్పగలిగితేనే ఆధారం విప్పినట్టు.

బాబా సరసన దాగిన సరస్వతీ క్షేత్రం (3)

ఐదు మాటలు. మొదటి రెండింటి కడుపులో జవాబు ఉంది: బా-‘బాసర’-సన. మూడోది ‘దాగిన’, ఎక్కడ చూడాలో చెబుతుంది. చివరి రెండూ అర్థం. రెండు, ఒకటి, రెండు. లెక్క సరిపోయింది.

తెలుగు పదబంధంలో అసలు నామవాచకం చివరికి వస్తుంది కాబట్టి అర్థం కూడా తరచూ ఆధారం తోకలోనే ఉంటుంది. ముందు తోక చూసి, తర్వాత అటునుంచి నరుక్కురండి.

పలక తిరగేస్తే ఆదిలాబాద్ అడవి సరుకు (3). పలక వెనక్కి చదివితే కలప.

రాజు లేని పాండవాగ్రజుడు పట్నం చేరితే గోదావరి ఒడ్డున నరసింహుడి ఊరు (4). ధర్మరాజులోంచి ‘రాజు’ పోతే ధర్మ, పట్నం అంటే పురి.

నా ఆవు, సగం బాబా: కేస్లాపూర్ జాతర దేవుడు (3). నా, గో, బా. మెస్రం వంశపు గోండులు పుష్య అమావాస్యకు కొలిచే నాగోబా.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన రెండు:

గుట్ట మీద గుట్ట, అక్కడ అంజన్న (4)

చిన్నది కాని వేరుశనగ 2016లో జిల్లా అయింది (4)

మొదటిదానికి జవాబు కొండగట్టు. ‘కొండ’ ఒక గుట్ట, ‘గట్టు’ ఇంకో గుట్ట. కోస్తా పాఠకుడికి గట్టు అంటే ఏటి ఒడ్డో పొలం గట్టో తడుతుంది, ఇక్కడ ఆగిపోతాడు. కరీంనగర్ మనిషికి గట్టంటే గుట్టే, క్షణం పట్టదు. రెండోది పెద్దపల్లి. వేరుశనగను ‘పల్లి’ అనే ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇది నోట్లో ఉన్న మాట. అలా అనని ఇళ్ళవాళ్ళు పల్లె, గ్రామం, బల్లి అంటూ ఊరంతా తిరిగొస్తారు. మాండలికం ఇక్కడ అలంకారం కాదు, ఆధారానికి కీలకమే అది. కూర్చేవాళ్ళు కోస్తా జిల్లాల మాటలను మాత్రమే ఎంచుకున్నంత కాలం ఉత్తర తెలంగాణ పాఠకుడు ఈ ఆటలో సగం శక్తితోనే ఆడుతున్నాడు. అది సరిచేయాల్సిన విషయం.

లెక్కపెట్టి మాటను ఒదిగించడం ఈ నేలకు కొత్త కాదు. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దపు జినవల్లభుడి శాసనంలో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. కందానికి 16 గణాలు, గణానికి 4 మాత్రలు, మొత్తం 64. ఒక్క మాత్ర హెచ్చినా తగ్గినా చెల్లదు. ఆ కొలతలో కుదిరిన భాషకు నాలుగు గడుల పెట్టె ఇరుకవుతుందా?

తెలుగు పంతుళ్ళకు, పంతులమ్మలకు నాదొక మనవి. వారానికి ఒక్క ఆధారం నల్లబల్ల మీద రాయండి. మీ ఊరి పేరు, మీ వాగు పేరు, మీ అమ్మ నోటి మాట తీసుకోండి. పిల్లలు జవాబు చెబితే చాలదు, ప్రతి మాటకూ లెక్క చెప్పించండి. తర్వాత వాళ్ళ చేతే ఒకటి కూర్పించండి. మొదలుపెట్టడానికి ఇది తీసుకోండి, జవాబు నేను రాయడం లేదు:

చేదు చెట్లున్న పేటలో రాజన్న (5)