ఘాట్‌లో బండి ఎందుకు మరుగుతుంది? పాత కార్ల రేడియేటర్: అపోహలు – వాస్తవాలు

నర్సీపట్నం నుంచి డౌనూరు మీదుగా లంబసింగికి 30 కిలోమీటర్ల పైచిలుకు. పైకి చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు. బ్రిటిష్ జమానాలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత వెట్టి చేయించిన రోడ్డు ఇదే. 1922లో ఇక్కడి గిరిజనుల తిరుగుబాటు వెనక ఆ కడుపుమంట కూడా ఉంది. అదో పెద్ద కథ. పాత అంబాసిడరో విల్లీస్ జీపో ఉన్నవాళ్లకు మాత్రం ఈ ఘాట్ పేరెత్తితే రేడియేటరే గుర్తొస్తుంది.

ముందు నీళ్లు నడిచే దారి చూద్దాం. రేడియేటర్ అడుగు నుంచి కింది హోసు గుండా నీళ్లను లాగి వాటర్ పంపు బ్లాకులోకి తోస్తుంది. అవి సిలిండర్ల చుట్టూ తిరిగి హెడ్‌లోకి ఎక్కుతాయి. ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గర అసలు వేడిని మోసుకుని, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే విచ్చుకుని నీళ్లను వదిలే వాల్వు) దాటి, పై హోసులోంచి మళ్లీ రేడియేటర్‌లో పడతాయి. సన్నటి గొట్టాల్లో కిందికి దిగుతూ గాలికి చల్లారతాయి. పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌లో పంపూ ఫ్యానూ ఒకే షాఫ్టు మీద, ఒకే బెల్టుతో తిరుగుతాయి.

“ఘాట్‌లో టాప్ గేరులోనే మెల్లగా లాగించు, ఇంజన్ అరవకపోతే వేడెక్కదు.” ఈ సలహా విని మరిగిన బళ్లే ఎక్కువ. పెద్ద గేరులో మూలుగుతూ ఎక్కే ఇంజన్ మీద భారం పూర్తిగా ఉంటుంది కానీ తిరుగుడు తగ్గుతుంది. దాంతోపాటే పంపూ ఫ్యానూ నీరసిస్తాయి. ఎక్కుడులో ఎదురుగాలి ఎలాగూ అంతంతమాత్రమే. సెకండులోకి దించితే గోల పెరుగుతుంది, నీళ్ల పరుగూ పెరుగుతుంది. ఆ గోలను భరించాల్సిందే.

“థర్మోస్టాట్ పీకి పారేస్తే చల్లగా ఉంటుంది.” మన ఎండలకు అది దండగ అని చాలా షెడ్లలో తీసేశారు. నిజానికి ఇంజన్‌కి కావాల్సింది చల్లదనం కాదు, నిలకడైన వేడి. లంబసింగి చలికి పొద్దున్నే థర్మోస్టాట్ లేని బండి తీస్తే ఎంతకీ వేడెక్కదు, పెట్రోలు తాగుతుంది, ఆయిల్లో తేమ చేరి మడ్డి కడుతుంది. అనుమానముంటే థర్మోస్టాట్‌ని దారం కట్టి గిన్నెడు నీళ్లలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. నీళ్లు మరిగేలోపే, పాతవాటిలో చాలావరకు 70–82 డిగ్రీల మధ్య, దాని వాల్వు కళ్లముందే విచ్చుకోవాలి. విచ్చుకోకపోతే మార్చండి, అంతేగానీ తీసేసి ఊరుకోకండి. నీళ్లు మరీ జోరుగా పారితే చల్లబడే టైము ఉండదనే వాదన కూడా తప్పే. జోరుగా తిరిగే నీళ్లే ఎక్కువ వేడిని మోస్తాయి.

“అసలు పాత కాలపు కార్లకి పంపే ఉండేది కాదట, అందుకే మరిగేవట.” సగమే నిజం. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో మొదటి 2500 కార్లకు పంపు ఉండేది, తర్వాత కంపెనీయే తీసేసింది. వేడి నీళ్లు తేలికై పైకి లేస్తాయి, చల్లారినవి బరువెక్కి కిందికి దిగుతాయి. ఆ తిరుగుడు చాలనుకున్నారు, లక్షలాది కార్లు అలాగే నడిచాయి. చిక్కల్లా ఒక్కటే. నీటి మట్టం పై పైపు నోటికన్నా దిగిందంటే తిరుగుడు ఆగిపోతుంది. కింద ఎన్ని నీళ్లున్నా లాభం లేదు.

“ఆవిరి వస్తే మూత తీసి చన్నీళ్లు కొట్టాలి.” చెయ్యి కాల్చుకునే పని ఇది. 7 పీఎస్ఐ ఒత్తిడిని ఆపే మూత బిగించి ఉంటే నీళ్లు సుమారు 110 డిగ్రీల దాకా మరగవు. లంబసింగి ఎత్తులో మూత లేని నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోయి లోపలున్నదంతా ఒక్కసారిగా మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే హెడ్డు పగలొచ్చు. పై హోసు చేత్తో పట్టుకోగలిగేదాకా ఆగండి.

కూలెంట్ నీళ్లకన్నా బాగా చల్లబరుస్తుందనుకోవడమూ పొరపాటే. వేడి మోయడంలో మంచినీళ్లదే పైచెయ్యి. కూలెంట్ కొనేది తుప్పు పట్టకుండా, తొందరగా మరక్కుండా. బోరు నీళ్లు పోస్తూ పోతే సన్నటి గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది.

ఘాట్‌లో బండి ఆగిన ప్రతిసారీ తప్పు రేడియేటర్‌దే కాదు. ఇంజన్‌కి పెట్రోలు అందించే పంపులోనే పెట్రోలు ఆవిరై సరఫరా తెగిపోతే ఇంజన్ దగ్గి ఆగిపోతుంది. దానికి ఆ పంపు మీద తడిగుడ్డ చుట్టే పాత డ్రైవర్ల వైద్యం బాగానే పనిచేస్తుంది. ఆ గుడ్డనే రేడియేటర్ ముందు కప్పితే మాత్రం వచ్చే గాలి కాస్తా ఆగిపోతుంది.