పగటి ఎండకు రాయితీ! మరి రాత్రి దీపానికో?

"ఏమండీ, సూర్యుణ్ణి తెచ్చి మేడమీద కట్టేశామన్నారే! మరి యీ చీకటేమిటి?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు ఆ రాత్రి నా దగ్గర జవాబు లేకపోయింది.

వేసవి గాలివానకు యూసుఫ్‌గూడలో ఏ కొమ్మ ఏ తీగెమీద పడిందో, కరెంటు పోయింది. మా అమ్మది ఉబ్బసం. రాత్రిపూట నెబ్యులైజరు తప్పదు. సోలార్ ప్యానెళ్ళు బిగించామన్న ధీమాతో పాత ఇన్వర్టరునూ, బ్యాటరీనీ నెలముందే పాతసామానువాడికి ఇచ్చేశాను. చివరకు అమ్మను పొరుగువారింట కూర్చోబెట్టి గట్టెక్కాము. "ఉన్న దీపం ఆర్పుకొని సూర్యుడికోసం కూర్చున్నావురా నాయనా" అన్నది అమ్మ, ఊపిరి తిరిగాక.

తెల్లవారి ఎండ కాసింది. కరెంటు మాత్రం రాలేదు. పైన ప్యానెళ్ళు తళతళలాడుతున్నాయి, కింద ఫాను తిరగదు! బిగించినతన్ని పిలిచి అడిగాను.

"అది అంతే మేష్టారూ! లైనులో కరెంటు లేకపోతే ఇదీ ఆగిపోవాలి. లేకపోతే మీ ఇంటి కరెంటు వెనక్కు పోయి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది" అన్నాడు.

న్యాయమే. కొనేముందు అడగకపోవటం నా తప్పు.

ఇక రాయితీ సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన 'ప్రధానమంత్రి సూర్యఘర్' పథకంలో ఇంటికి మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు రు. 30,000, మూడవదానికి రు. 18,000, వెరసి రు. 78,000 వరకు ఇవ్వాలని నిర్ణయించారు. అపార్టుమెంటు సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు రు. 18,000. ఇదంతా ప్యానెళ్ళ లెక్క. బ్యాటరీకి ఇందులో దమ్మిడీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సీసపు బ్యాటరీలమీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి దిగటం కొంత ఊరట.

ఆస్ట్రేలియాలో 2025 జూలై 1 నుంచి, ప్యానెళ్ళున్న ఇంట్లో బ్యాటరీ పెట్టుకుంటే ఖర్చు సుమారు 30 శాతం తగ్గేలా ప్రభుత్వమే పథకం పెట్టింది. ఇందులో దానం లేదు, లెక్క ఉన్నది. మధ్యాహ్నం మిగిలిన కరెంటు దాచుకుంటే, సాయంత్రం అందరూ ఒక్కసారి మీటలు నొక్కే వేళ లైనుకు బరువు తగ్గుతుంది.

కనుక ప్యానెళ్ళు కొనేవారు ముందు అడగవలసింది ఒక్కటే: "కరెంటు పోతే నా ఇంట్లో ఏది వెలుగుతుంది?" బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు కరెంటు పోగానే ఇంటిని లైనునుంచి విడదీసి నడిపిస్తుంది. ఇల్లంతా వెలగనక్కరలేదు. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒక్కటి మంచి స్థితిలో ఉంటే రెండు ఫాన్లను, నాలుగు ఎల్.ఇ.డి. దీపాలను నాలుగైదు గంటలు నడుపుతుంది. నెబ్యులైజరు కొద్ది నిమిషాల పనే.

రోగి ఊపిరి యంత్రంమీద ఆధారపడిన ఇళ్ళకూ, చిన్న ఆస్పత్రులకూ అయినా బ్యాటరీమీద రాయితీ ఇస్తే, అది విలాసానికి ఇచ్చినట్టు కాదు.

రాయితీ లేకుండానే మా వసారాలోకి బ్యాటరీ వచ్చింది. మొన్న కరెంటు పోయినా ఫాను ఆగకపోయేసరికి అమ్మ నవ్వి, "అయితే సూర్యుడివాళ రాత్రికి మనింట్లోనే పడుకున్నాడన్నమాట!" అన్నది.