‘డ్యాంప్’ అంతంగా గల ఆంగ్ల గని పదాలు: అక్షర సామ్యం – అర్థ నిర్ణయం

వ్యాస సంగ్రహం:
ఒకే అక్షర సముదాయంతో ముగిసే ఆంగ్ల పదాలను ఒక వర్గంగా బోధించడం పదజాల బోధనలో పరిపాటి. ఆ ఉమ్మడి భాగానికి నేటి వ్యవహారార్థాన్నే అన్వయిస్తే కొన్నిచోట్ల అర్థం పూర్తిగా తప్పుతుంది. బొగ్గుగనుల పరిభాషలో ‘డ్యాంప్’తో ముగిసే ఐదు పదాలను గోదావరిఖని నేపథ్యంలో పరిశీలించి, వాటి అర్థ నిర్ణయ పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: గని పరిభాష, అర్థ విపరిణామం, సమాసం, సింగరేణి, పదజాల బోధన.

1. ఉపోద్ఘాతం:
1871లో విలియం కింగ్ ఇల్లెందు పరిసరాలలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాలు చేపట్టింది. ఆ హక్కులు 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీకి సంక్రమించాయి. గనులతో పాటు ఆంగ్ల గని పదజాలమూ ఈ ప్రాంతానికి వచ్చింది. ఇంక్లైన్, షిఫ్టు, మస్టరు, హాలేజి, టబ్బు వంటి పదాలు రామగుండం, గోదావరిఖని ప్రజల నిత్య వ్యవహారంలో తెలుగు మాటలుగానే చెల్లుతున్నాయి. ఆ పదాలు సూచించే వస్తువులూ పనులూ కంటి ఎదుట ఉండటం వల్ల వాటి అర్థాన్ని వేరుగా నేర్పవలసిన అవసరం కలగలేదు.

గనిలోని వాయువుల స్థితి వేరు. అవి కంటికి కనిపించవు. ‘గ్యాస్’ అనే మాటతో వాటన్నింటినీ కలిపి చెప్పుకోవచ్చు గాని, మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్, గ్యాస్ టెస్టింగ్ పరీక్షలకు చదివే అభ్యర్థికి పాఠ్యగ్రంథాలలో ఫైర్‌డ్యాంప్, బ్లాక్‌డ్యాంప్, వైట్‌డ్యాంప్, స్టింక్‌డ్యాంప్, ఆఫ్టర్‌డ్యాంప్ అనే వేర్వేరు పదాలు ఎదురవుతాయి. పాఠశాలలో ‘డ్యాంప్’ అంటే చెమ్మ అని నేర్చుకున్న విద్యార్థి ఈ ఐదింటినీ నీటికి సంబంధించినవిగా ఊహించే ప్రమాదముంది.

2. ఉమ్మడి భాగం – అర్థ విపరిణామం:
ఈ పదం మధ్య నిమ్న జర్మన్ భాషలోని ‘డంప్’కు సంబంధించినది. ఆవిరి అనే అర్థంలో నేటి జర్మన్‌లో ‘డంఫ్’ అనే రూపం నిలిచి ఉంది. ఆంగ్లంలో ఈ నామవాచకానికి తొలి అర్థం హానికరమైన వాయువు. చెమ్మ అనే అర్థం 18వ శతాబ్ది ఆరంభం నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. క్రియగా దీనికి తొలుత ఊపిరాడకుండా చేయు అనే అర్థం ఉండేది. పొయ్యిగొట్టంలో గాలిని అదుపుచేసే పలకకు ‘డ్యాంపర్’ అనే పేరు ఉండటంలో ఆ పాత అర్థపు ఛాయ కనిపిస్తుంది.

తెలుగులో ఒకప్పుడు సువాసనకూ చెల్లిన ‘కంపు’ నేడు దుర్వాసనకే పరిమితమైంది. స్త్రీపురుషులిద్దరి వస్త్రాన్నీ సూచించిన ‘చీర’ స్త్రీల వస్త్రానికే మిగిలింది. పాత కావ్యాలలోని ఈ మాటలకు నేటి అర్థం చెబితే ఎలాంటి పొరపాటు జరుగుతుందో, గని పదాలలోని ‘డ్యాంప్’కు చెమ్మ అని చెప్పినా అలాంటి పొరపాటే జరుగుతుంది. సాధారణ భాష విడిచిన అర్థాన్ని వృత్తి పరిభాష భద్రపరచింది.

3. పూర్వపదం – భేదక లక్షణం:
ఉమ్మడి భాగం జాతిని తెలిపితే, పూర్వపదం భేదాన్ని తెలుపుతుంది.

ఫైర్‌డ్యాంప్: ఇందులో ప్రధానమైనది మీథేన్. గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మేర కలిసినప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. గాలికంటే తేలిక కనుక పైకప్పు వద్ద చేరుతుంది. ‘ఫైర్’ ఇక్కడ వాయు స్వభావాన్ని చెబుతుంది.

బ్లాక్‌డ్యాంప్: ఇది కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్‌ల మిశ్రమం. సాధారణంగా నేలమట్టాన నిలుస్తుంది. ఆక్సిజన్ తగ్గడం వల్ల దీపం మసకబారి ఆరుతుంది. ఈ వాయువుకు రంగు లేదు కనుక ‘బ్లాక్’ను వర్ణవాచకంగా గ్రహించరాదు.

వైట్‌డ్యాంప్: ఇది కార్బన్ మోనాక్సైడ్. దీనికీ రంగు లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గాఢంగా బంధం ఏర్పరుస్తుంది. బొగ్గు తనంత తాను వేడెక్కి కాలే సందర్భంలో ఇది ముఖ్య సూచిక.

స్టింక్‌డ్యాంప్: ఇది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్ల వాసన వల్ల ఈ పేరు వచ్చింది. అయితే గాఢత పెరిగినప్పుడు ఇది ఘ్రాణశక్తినే హరిస్తుంది. వాసన ఆగినంత మాత్రాన అపాయం తొలగినట్లు కాదు.

ఆఫ్టర్‌డ్యాంప్: పేలుడు తర్వాత మిగిలే విషవాయు మిశ్రమం. ఇక్కడి పూర్వపదం కాలవాచకం. పేలుడు నుంచి బయటపడినవారిని సైతం ఇది బలిగొనగలదు కనుక, ‘తర్వాత’ అనే అర్థం రక్షణ బృందాలకు హెచ్చరిక.

4. అర్థభేదం – ఆచరణ:
1812లో ఇంగ్లాండులోని ఫెల్లింగ్ గనిలో ఫైర్‌డ్యాంప్ పేలి 92 మంది మరణించారు. ఇటువంటి ప్రమాదాల నేపథ్యంలోనే 1815లో హంఫ్రీ డేవీ రక్షణదీపం రూపొందింది. ఫైర్‌డ్యాంప్ ఉన్నచోట ఆ దీపజ్వాలపై నీలిరంగు టోపీ వంటి ఛాయ ఏర్పడుతుంది. బ్లాక్‌డ్యాంప్ ఉన్నచోట జ్వాల క్షీణిస్తుంది. ఒకే అంత్యభాగం గల రెండు పదాలు దీపం మీద రెండు భిన్న సంకేతాలుగా కనిపిస్తాయి. భారతీయ బొగ్గుగనుల నిబంధనలు కూడా ఈ భేదాన్ని అంకెలలో పాటించాయి. పనిస్థలంలో మండే వాయువు 1.25 శాతాన్ని, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతాన్ని మించరాదని, ఆక్సిజన్ 19 శాతానికి తగ్గరాదని 1957 నాటి నిబంధనలు విధించాయి.

నీటి ప్రమాదం దీనికి పూర్తిగా భిన్నం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకురావడంతో 17 మంది కార్మికులు మరణించారు. గని పరిభాషలో అటువంటి ఘటన పేరు ‘ఇనండేషన్’. వాయువును సూచించే పదాన్ని చెమ్మగా పొరబడటమంటే, ఒక అపాయపు పేరును మరొక అపాయానికి అంటగట్టడమే.

5. ముగింపు:
అక్షర సామ్యం పదాలను గుర్తుంచుకోవడానికి తోడ్పడుతుంది గాని, అర్థాన్ని నిర్ణయించజాలదు. ఇటువంటి పదవర్గాన్ని బోధించేటప్పుడు ఉమ్మడి భాగానికి ఆ వృత్తిలో గల అర్థాన్ని, ఆ పిదప పూర్వపదం స్వభావాన్ని తెలుపుతోందా, గుణాన్నా, కాలాన్నా అన్న విషయాన్ని, చివరగా ఆచరణలో దాని గుర్తును వరుసగా చెప్పడం సముచితం. సింగరేణి ఉత్పత్తిలో అధిక భాగం ఉపరితల గనుల నుంచే వస్తున్న నేడు, భూగర్భ గని అనుభవం ద్వారా ఈ పదాలను గ్రహించే అవకాశం తగ్గుతున్నది. అనుభవం అందించిన అర్థాన్ని ఇకపై పాఠమే అందించాలి. కనుక ఈ ప్రాంత కళాశాలల ఆంగ్ల, తెలుగు అధ్యాపకులు గని పదాలకు అర్థచరిత్రతో కూడిన వివరణ కోశాన్ని ఉమ్మడిగా రూపొందించడం అవసరం.