బ్లాక్‌బర్న్ ఎదురుచూపులు: పుణె పెట్టుబడి, ఇంగ్లీషు మైదానం

సొంత ఊరి ఫుట్‌బాల్ జట్టును ఎవరో విదేశీ కోటీశ్వరుడు వచ్చి కొంటాడని, కొన్న మరునాటి నుంచి తమ కష్టాలు గట్టెక్కుతాయని ఆశపడడం ఇంగ్లండ్ అభిమానులకు గడచిన రెండు దశాబ్దాలుగా అలవాటుగా మారింది. అమెరికా, రష్యా, అరబ్ దేశాల సంపన్నులు ఒకరి వెంట ఒకరు అక్కడి జట్లను సొంతం చేసుకున్నారు. ఈ వరుసలో భారతదేశానికీ ఒక అధ్యాయం ఉంది. కోళ్ల పరిశ్రమలో దేశంలోనే పేరెన్నికగన్న పుణె సంస్థ వెంకటేశ్వర హేచరీస్ గ్రూపు 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ రోవర్స్ క్లబ్బును స్వాధీనం చేసుకుంది. ప్రీమియర్ లీగ్ జట్టు ఒకటి భారతీయ సంస్థ చేతికి రావడం అదే ప్రథమం. ఆనాడు ఆ పట్టణం ఎదురుచూసినదేమిటి, ఆ తర్వాత దానికి దక్కినదేమిటి అన్నది ఆటకే పరిమితమైన విషయం కాదు. సరిహద్దులు దాటే పెట్టుబడి స్వభావాన్ని ఈ ఉదంతం కళ్లకు కడుతుంది.

నూలు మిల్లుల ఊరు

ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలోని లాంకషైర్‌లో బ్లాక్‌బర్న్ లక్ష పైచిలుకు జనాభా గల పట్టణం. నూలు వడికే స్పిన్నింగ్ జెన్నీని రూపొందించిన జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఆ పరిసరాలవాడే. మన దేశపు చేనేతను దెబ్బతీసిన మిల్లు బట్టలో పెద్ద భాగం ఆ ప్రాంతపు మగ్గాల మీద తయారైనదే. విదేశీ వస్త్ర బహిష్కరణ ఉద్యమం వల్ల అక్కడి మిల్లులు మూతపడి కార్మికులు వీధిన పడినప్పుడు గాంధీజీ 1931 సెప్టెంబరులో పొరుగునే ఉన్న డార్వెన్‌కు స్వయంగా వెళ్లి వారితో మాట్లాడారు. ఉపాధి కోల్పోయిన ఆ కార్మికులే ఆయనను ఆదరంగా స్వాగతించడం చరిత్రలో నిలిచిపోయింది. తరువాతి కాలంలో గుజరాత్ నుంచి, పాకిస్థాన్ నుంచి వెళ్లిన కుటుంబాలు ఆ మిల్లులలోనే పనికి కుదిరాయి. డార్వెన్‌తో కలిపిన బ్లాక్‌బర్న్ పురపాలక ప్రాంతంలో ఈనాడు మూడోవంతుకు పైగా జనం ఆసియా సంతతివారే.

మిల్లులు పోయినా ఊరికి మిగిలిన గర్వకారణం ఫుట్‌బాల్ జట్టు. రోవర్స్ క్లబ్బు 1875లో పుట్టింది. 1888లో ఇంగ్లీషు ఫుట్‌బాల్ లీగ్‌ను నెలకొల్పిన 12 జట్లలో అదొకటి. ఎఫ్.ఎ.కప్పును ఆరుసార్లు గెలుచుకుంది. అయితే 1928 తర్వాత దాని వైభవం సన్నగిల్లింది. ఆ ఊరివాడే అయిన ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ తన సంస్థను బ్రిటిష్ స్టీల్‌కు విక్రయించి, ఆ సొమ్ములో కొంత భాగాన్ని జట్టు మీద వెచ్చించడంతో దశ తిరిగింది. కెన్నీ డాల్‌గ్లీష్ మేనేజరుగా, అలన్ షియరర్ ముందువరుస ఆటగాడుగా 1995 మే 14న రోవర్స్ ప్రీమియర్ లీగ్ విజేతగా నిలిచింది. మాంచెస్టర్ యునైటెడ్ కన్నా ఒక్క పాయింటే ఎక్కువ. ఆ టైటిల్ గెలిచిన ఊళ్లలో బ్లాక్‌బర్న్ కన్నా చిన్నది నేటికీ మరొకటి లేదు.

ఆ విజయమే అభిమానుల మనస్సులో ఒక నమ్మకాన్ని నాటింది. డబ్బున్న యజమాని ఒక్కడు దొరికితే చాలునని వారు భావించారు. వాకర్ ఊరివాడన్న సంగతి, గెలుపోటములు రెండూ ఆయనకు సొంత ఇంటి వ్యవహారమన్న సంగతి లెక్కలోకి రాలేదు.

కొనేవారి కోసం నిరీక్షణ

వాకర్ 2000 ఆగస్టులో కన్నుమూశారు. క్లబ్బు ఆయన కుటుంబ ట్రస్టు ఆధీనంలోకి వెళ్లింది. ట్రస్టు కొన్నేళ్లు నిధులు అందించినా, క్రమంగా చేయి బిగించి, తగిన కొనుగోలుదారు కోసం అన్వేషణ మొదలుపెట్టింది. చెల్సీ 2003లో రష్యా సంపన్నుడి చేతికి, మాంచెస్టర్ సిటీ 2008లో అబుధాబి రాజకుటుంబీకుడి చేతికి వెళ్లడంతో బ్లాక్‌బర్న్ వంటి జట్లకు పోటీ మరింత కఠినమైంది. వారాంతంలో స్టేడియానికి వెళ్లే అభిమానులు స్కోరుతోపాటు కొనుగోలు వార్తల కోసం కూడా చెవులు రిక్కించే పరిస్థితి వచ్చింది.

2010లో రెండు పేర్లు వినవచ్చాయి. బహ్రెయిన్ కేంద్రంగా పనిచేస్తున్న వెస్టర్న్ గల్ఫ్ అడ్వైజరీ సంస్థ అధిపతి, భారతీయుడైన అహ్సాన్ అలీ సయ్యద్‌ది మొదటి పేరు. ఆ చర్చలు ఫలించలేదు. ఆయన 2011 జనవరిలో స్పెయిన్‌లోని రేసింగ్ శాంటాండర్ జట్టును చేపట్టారు. ఆ జట్టు అదే ఏడాది దివాలా రక్షణను ఆశ్రయించవలసి వచ్చింది. బ్లాక్‌బర్న్ అభిమానులు అప్పట్లో నిరాశపడినా, ఆ బేరం కుదరకపోవడమే మేలయిందని తరువాత తేలింది.

రెండో పేరు వెంకటేశ్వర హేచరీస్. డాక్టర్ బి.వి.రావు 1971లో నెలకొల్పిన ఈ సంస్థ పేరు తెలుగు జిల్లాల కోళ్ల రైతులకు కొత్త కాదు. ఆయన చొరవతోనే 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడింది. విజయవాడ, హైదరాబాదు, చిత్తూరు మార్కెట్లలో రైతులు రోజూ ఉదయం చూసుకునే 'నెక్' ధర ఆ సంఘం ప్రకటించేదే. రావు 1996లో మరణించాక ఆయన కుమార్తె అనురాధా దేశాయ్, కుమారులు వెంకటేశ్ రావు, బాలాజీ రావు వ్యాపారాన్ని నిర్వహిస్తున్నారు.

2010 నవంబరు 19న ఒప్పందం పూర్తయింది. ధర 2.3 కోట్ల పౌండ్లు, అంటే అప్పటి మారకపు రేటు ప్రకారం సుమారు 165 కోట్ల రూపాయలు. క్లబ్బు అప్పుల భారం దీనికి అదనం. ఆ సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు సైతం ప్రసార హక్కుల ఆదాయంలో నాలుగు కోట్ల పౌండ్ల దాకా వాటా లభించింది. ఒక్క ఏడాది టీవీ రాబడి కన్నా తక్కువ ధరకు ఒక చారిత్రక జట్టు చేతికి వచ్చినట్లయింది. అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. జట్టు పై శ్రేణిలో కొనసాగినంత కాలమే ఆ రాబడి. దిగువ శ్రేణికి జారిన నాడు ఆదాయం పడిపోతుంది గాని ఆటగాళ్ల జీతాలు ఆ వేగంతో తగ్గవు.

భారతీయ సంస్థలు విదేశాలలో ఆస్తులు కొనుగోలు చేస్తున్న ఊపు కూడా ఈ బేరానికి నేపథ్యం. టాటాలు 2000లో టెట్లీని, 2007లో కోరస్ ఉక్కు సంస్థను, 2008లో జాగ్వార్ లాండ్ రోవర్‌ను కొన్నారు. సంస్థలు తమ నికర విలువకు నాలుగు రెట్ల వరకు ముందస్తు అనుమతి లేకుండా విదేశాలలో పెట్టుబడి పెట్టవచ్చునని రిజర్వు బ్యాంకు 2007లో పరిమితిని సడలించింది. ఒకనాడు లాంకషైర్ బట్ట మన సంతలను ముంచెత్తగా, ఇప్పుడు మన సొమ్ము లాంకషైర్ జట్టును కొన్నదన్న సంబరం ఇక్కడా లేకపోలేదు.

ఆశ అడియాస

సంబరం నెల రోజులైనా నిలువలేదు. జట్టు 13వ స్థానంలో ఉండగానే, డిసెంబరు 13న అనుభవజ్ఞుడైన మేనేజర్ సామ్ అలర్డైస్‌ను తొలగించారు. ఆయన స్థానంలో అంతకుముందెన్నడూ మేనేజరుగా పనిచేయని శిక్షకుడు స్టీవ్ కీన్‌ను నియమించారు. బ్రెజిల్ దిగ్గజం రొనాల్డీన్యో వస్తున్నాడన్న ప్రచారం సాగింది గాని, ఆయన 2011 జనవరిలో స్వదేశపు జట్టు ఫ్లమెంగోలో చేరాడు. ఆ సీజన్ చివరి రోజున గెలిచి రోవర్స్ గండం గడిచి బయటపడింది. ఆటగాళ్లు కోడి మాంసం తింటున్నట్లు చిత్రించిన వాణిజ్య ప్రకటన ఒకటి తరువాత ప్రసారమై అభిమానులకు మరింత కష్టం కలిగించింది. తమ జట్టు ఒక సరుకుకు అంగడి బొమ్మగా మారిందని వారు వాపోయారు.

2012 మే 7న సొంత మైదానం ఈవుడ్ పార్కులో విగన్ చేతిలో 0-1 తేడాతో ఓడి, 11 ఏళ్ల తర్వాత రోవర్స్ పై శ్రేణి నుంచి నిష్క్రమించింది. ఆ మ్యాచ్ జరుగుతుండగానే ఎవరో జట్టు జెండా కప్పిన కోడిని మైదానంలోకి వదిలారు. ఆ దృశ్యం ప్రపంచమంతటా ప్రసారమైంది. తరువాతి సీజన్‌లో తాత్కాలికులతో కలిపి ఐదుగురు మేనేజర్లు మారారు. వారిలో హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైకేల్ ఆపిల్‌టన్ 67 రోజులు మాత్రమే పదవిలో ఉన్నారు. 2017 మేలో జట్టు మూడో శ్రేణికి పడిపోయింది. ప్రీమియర్ లీగ్ విజేతగా నిలిచిన జట్టు ఒకటి అంత దిగువకు జారడం అదే మొదటిసారి. టోనీ మోబ్రే ఆధ్వర్యంలో మరుసటి ఏడాదే రెండో శ్రేణికి తిరిగి వచ్చినా, పై మెట్టు మాత్రం అందలేదు.

నాణేనికి రెండో వైపు కూడా చూడవలసి ఉంది. యజమానులు జట్టును గాలికి వదలి పోలేదు. ఏటా వచ్చే నష్టాలను పూడుస్తూ వచ్చారు. అలా ధారపోసిన సొమ్ము 20 కోట్ల పౌండ్లు దాటిందని అంచనా. అంటే కొన్న ధరకు దాదాపు తొమ్మిది రెట్లు. ఇంగ్లండ్‌లో బ్యూరీ వంటి పాత జట్టు డబ్బులేక 2019లో లీగ్ నుంచే బహిష్కరణకు గురైన విషయం గమనార్హం. అభిమానుల ఫిర్యాదు సొమ్ము గురించి కాదు. యజమానులు ఈవుడ్ పార్కుకు రావడం అరుదైపోయిందని, ఏ నిర్ణయం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పేవారు లేరని వారి ఆవేదన.

ఢిల్లీ కోర్టులో జట్టు భవితవ్యం

సొమ్ము పంపడం కూడా 2023లో చిక్కుల్లో పడింది. విదేశీ మారక నిర్వహణ చట్టం కింద సంస్థపై ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ విచారణ సాగుతున్నందున, ఇంగ్లండ్‌కు నిధులు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి తప్పనిసరైంది. అందుకు బ్యాంకు గ్యారంటీ షరతు కూడా తోడైంది. లాంకషైర్‌లోని ఒక జట్టు ఈ సీజన్‌లో ఆటగాడిని కొనగలదా లేదా అన్నది ఢిల్లీలో వాయిదా పడే విచారణ తేదీ మీద ఆధారపడింది. అభిమానులు స్కోరు బోర్డు బదులు కోర్టు జాబితా చూసుకోవలసి వచ్చింది.

దాని ప్రభావం జట్టుపై కనిపించింది. ఊళ్లోనే పుట్టి, క్లబ్బు అకాడమీలో చిన్ననాటి నుంచి పెరిగిన ఆడమ్ వార్టన్‌ను 2024 ఫిబ్రవరిలో క్రిస్టల్ పాలస్‌కు అమ్మివేశారు. కొద్ది నెలలకే ఆ కుర్రవాడు యూరో పోటీలకు వెళ్లిన ఇంగ్లండ్ జట్టులో స్థానం సంపాదించాడు. రోవర్స్ మాత్రం ఆ సీజన్ ఆఖరి రోజున లీసెస్టర్‌పై గెలిచి మూడో శ్రేణి ప్రమాదాన్ని తప్పించుకుంది. 2025లో క్లబ్బు తన మహిళా జట్టును రెండో శ్రేణి లీగ్ నుంచి ఉపసంహరించుకుంది.

ఇక్కడి అనుభవం

ఇటువంటి ఎదురుచూపులు భారతదేశానికీ తెలియనివి కావు. మాంచెస్టర్ సిటీ యాజమాన్యానికి చెందిన సిటీ ఫుట్‌బాల్ గ్రూపు 2019 నవంబరులో ముంబయి సిటీ జట్టులో 65 శాతం వాటా తీసుకున్నప్పుడు అభిమానులు పండుగ చేసుకున్నారు. జట్టు ఇండియన్ సూపర్ లీగ్ విజేత కూడా అయింది. కాని లీగ్ భవిష్యత్తే అయోమయంలో పడిన 2025 డిసెంబరులో ఆ గ్రూపు వైదొలిగింది. హైదరాబాదు అనుభవం ఇంకా చేదు. పుణె జట్టు స్థానంలో 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి., 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి లీగ్ విజేతగా నిలిచింది. ఆ తరువాత ఆర్థిక ఇబ్బందులలో కూరుకుపోయి, చేతులు మారి, 2025లో కొత్త పేరుతో ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియంలో కేకలు వేసిన కుర్రకారును అడిగినవారు లేరు.

బ్లాక్‌బర్న్‌కు ఈ ముప్పు అంత సులభంగా రాదు. బ్రిటిష్ పార్లమెంటు 2025 జులైలో ఫుట్‌బాల్ పాలన చట్టాన్ని ఆమోదించి, స్వతంత్ర నియంత్రణ సంస్థకు చట్టబద్ధత కల్పించింది. జట్టును కొనదలచినవారి యోగ్యతను, నిధుల మూలాన్ని ఆ సంస్థ పరిశీలిస్తుంది. మైదానం అమ్మాలన్నా, తరలించాలన్నా దాని అనుమతి కావాలి. చిహ్నం, జెర్సీ రంగులు మార్చాలంటే అభిమానుల సమ్మతి ఉండాలి. జర్మనీలో ఓటు హక్కులలో సగానికి మించి సభ్యుల చేతిలో ఉండాలన్న నిబంధన చాలాకాలంగా అమలులో ఉంది. ఇంగ్లండ్ అంత దూరం వెళ్లకపోయినా ఆ దిశగా ఒక అడుగు వేసింది.

వెంకటేశ్వర గ్రూపు జట్టును చేపట్టి 2025 నవంబరుకు 15 ఏళ్లు పూర్తయ్యాయి. 2010లో విదేశీ యజమాని రాక కోసం కళ్లు కాయలు కాచేలా చూసిన అభిమానులలో చాలామంది ఆ యజమాని నిష్క్రమణ కోసం అంతే ఆత్రంగా చూశారు. అయితే ఈసారి వారి ప్రశ్నలు మారాయి. వచ్చేవాడి వద్ద ఎంత సొమ్ము ఉందన్నది ఒక్కటే సరిపోదని, ఆ సొమ్ము ఏ దేశపు చట్టాలకు లోబడి వస్తుందో, ఆగిపోతే జీతాలు ఎవరిస్తారో, ఊరికి జవాబు చెప్పేదెవరో ముందే తేలాలని వారు గ్రహించారు. జాక్ వాకర్ విగ్రహం ఈవుడ్ పార్కు బయట ఇప్పటికీ నిలిచి ఉంది. ఆయన వంటి యజమాని మళ్లీ దొరుకుతాడన్న భ్రమ మాత్రం ఆ ఊళ్లో తగ్గింది.